ముందు కామాలు, తర్వాత ట్యాబులు

దుబాయిలో ఒక నిర్మాణ కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తున్న నాకు నెలాఖరు అంటే జీతాల ఫైలే. యూఏఈలో 2009లో మొదలైన వేతన రక్షణ పద్ధతి ప్రకారం, అందరం డబ్ల్యూపీఎస్ అని పిలిచే ఆ పద్ధతిలో, కంపెనీ ‘సిఫ్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు పంపితేనే కార్మికుల ఖాతాల్లో జీతం పడుతుంది. మనిషికి ఒక వరుస. అది కార్మికుడి వరుస అని చెప్పే ఈడీఆర్ అనే గుర్తు, 14 అంకెల కార్మిక సంఖ్య, బ్యాంకు కోడ్, ఐబ్యాన్ అనే 23 అక్షరాల ఖాతా సంఖ్య, తేదీలు, రోజులు, మొత్తాలు అన్నీ కామాలతో వేరుచేసి ఉంటాయి. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. నేను హన్మకొండవాణ్ని, మా క్యాంపులో జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డివాళ్లు ఎక్కువ. ఆ అంకెల వెనుక ఎవరి ఇంట్లో నాట్ల కూలీలు డబ్బుకోసం ఎదురుచూస్తున్నారో, ఎవరు ఏజెంటుకిచ్చిన అప్పుకు ఇంకా మిత్తి కడుతున్నారో నాకు తెలుసు కాబట్టి, ఆ వరుసల్లో ఒక్క అక్షరం తేడా రావడం నాకు చిన్న విషయం కాదు.

టెక్స్ట్ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే కార్మిక సంఖ్యల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, పెద్ద సంఖ్యలు కుదించిన రూపంలోకి మారిపోతాయి. అందుకే చివరి శుభ్రత అంతా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే చేస్తాను. ప్రతి నెలా అవే మార్పులు కనుక వాటిని మాక్రోగా, అంటే ఒక్క నొక్కుతో మళ్లీ అదే వరుసలో జరిగేలా, రికార్డు చేసి పెట్టుకున్నాను. మాక్రో మెనూలో రికార్డింగు మొదలుపెట్టి, కంట్రోల్ హెచ్ నొక్కి వెతికి మార్చే కిటికీ తెరిచి, ఒక్కో మార్పుకు ‘రీప్లేస్ ఆల్’ కొట్టి, చివర ఆపి, పేరు పెట్టి భద్రపరచడమే పని. అయితే రికార్డింగుకు ముందు ఆ వరుస మొత్తాన్ని చేత్తో నడిపి చూడాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మాక్రో గుర్తుపెట్టుకునేది మన ఉద్దేశాన్ని కాదు, మన క్రమాన్ని.

క్రమం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జాబితాను ఎక్సెల్ నుంచి తెచ్చి అతికిస్తే గడుల మధ్య ఖాళీలా కనిపించే ట్యాబు అనే అక్షరాలు ఉంటాయి, జీతం 1,250.00 అని కామాతో ఉంటుంది. ముందు కామాలన్నీ తీసేసి, ఆ తర్వాత ట్యాబులను కామాలుగా మార్చాలి. ట్యాబులతో మొదలుపెట్టి కామాలను అలాగే వదిలేస్తే ఆ మనిషి స్థిర వేతనం గడిలో 1, అలవెన్సుల గడిలో 250.00 పడి, మిగతా గడులన్నీ ఒక్కోటి పక్కకు జరుగుతాయి. అలా కాదని మార్చిన తర్వాత కామాలు తీయబోతే, గడులను వేరుచేసే కామాలు కూడా వాటితోపాటే పోతాయి.

వెతికే పద్ధతి కూడా రికార్డవుతుంది. కామాకు సాధారణ పద్ధతి, ట్యాబు లాంటి ప్రత్యేక అక్షరాలకు ఎక్స్‌టెండెడ్, రోజు-నెల-సంవత్సరం వరుసను తిప్పి సంవత్సరాన్ని ముందుకు తేవడానికి, నమూనాను బట్టి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ప్రతి మార్పుకు ముందు దాన్ని సరిచూసుకోవాలి. ‘వ్రాప్ అరౌండ్’ టిక్కు పెట్టకపోతే కర్సరు ఉన్నచోటు నుంచి కిందికే మార్పు జరిగి, పైవరుసలు అలాగే మిగిలిపోతాయి.

అన్నిటికన్నా కంటికి దొరకనిది ఐబ్యాన్‌లోని ఖాళీ. బ్యాంకు కాగితం మీద అది నాలుగేసి అక్షరాల గుంపులుగా ఉంటుంది, కార్మికులు అలాగే వాట్సాప్‌లో పంపుతారు. ఈ ఫైలులో పేర్లు లేవు గనుక ఖాళీలన్నీ నిర్భయంగా తీసేయవచ్చు. పేర్లున్న జాబితా మీద మాత్రం ఈ మాక్రోను నడపకూడదు, ఇంటిపేరూ అసలు పేరూ అతుక్కుపోతాయి. వెబ్ పేజీల నుంచి తెచ్చినవాటిలో ఖాళీలా కనిపించే వేరే అక్షరం ఒకటి ఉంటుంది, మామూలు ఖాళీని వెతికితే అది దొరకదు. దాన్ని కాపీ చేసి వెతికే గడిలో అతికించి, దానికి విడిగా ఒక మార్పు రికార్డు చేయాలి.

ఇప్పుడు పెద్దపల్లి నుంచి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడికి ఈ పని నేర్పిస్తున్నాను.

“అన్నా, బటన్ ఒత్తినంక మనం చూసుడు అవసరమా?” అని అడిగాడు.

“ఒత్తినంకనే చూడాలె తమ్మీ. కింద ఎస్సీఆర్ అనే ఆఖరి వరుసల ఎంతమంది ఉన్నరు, మొత్తం ఎంత అని ఉంటది గదా. మొదాలు ఈడీఆర్ అని వెతికి కౌంట్ కొట్టు” అన్నాను.

వరుసల లెక్క కలిశాక, జీతాల మొత్తాన్ని ఎస్సీఆర్ వరుసలోని మొత్తంతో పోల్చి చూసి, ఫైలును బ్యాంకుకు అతని చేతే పంపించాను.