చిన్న బడ్జెట్, పెద్ద రాక్షసి

నిన్న రాత్రి 'మాన్‌స్టర్స్' (2010) మళ్ళీ చూశాను. దర్శకుడు గారెత్ ఎడ్వర్డ్స్ తనే రాసి, తనే కెమెరా పట్టుకుని, విజువల్ ఎఫెక్ట్స్ కూడా తనే చేసుకున్న సినిమా. అందులో రాక్షస జీవులు కనిపించేది కాసేపే. కానీ అవి తిరిగిన చోట మిగిలిన శిథిలాలు, హెచ్చరిక బోర్డులు చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చేతిలో డబ్బు లేనివాళ్ళు చూపించకుండానే భయపెట్టాలి. ఈ తరహా సినిమాల్లో నాకు బాగా నచ్చేది అదే.

అన్నీ అలా ఉండవు. 1957 నాటి 'ది జెయింట్ క్లా'లో నటులు ప్రాణం పెట్టి భయపడతారు, తీరా తెర మీదికొచ్చే పక్షి ఒక నాసిరకం బొమ్మ. వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేసింది.

అయినా బొమ్మ బాగోలేకపోతే సర్దుకుపోతాను. సర్దుకోలేనిది బద్ధకంగా రాసిన కథ. రాక్షసి వచ్చేదాకా గదిలో కూర్చుని మాట్లాడుకునే పాత్రలు, ఎవరు చచ్చినా మనకు పట్టని రాత... మంచి సన్నివేశం రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు కదా! రాక్షసి కోసం వేసిన రబ్బరు వేషంలో కూడా ఎవరిదో శ్రద్ధ కనిపిస్తే చాలు, చివరిదాకా కదలను. అలాంటివి మీకు తెలిస్తే పేర్లు చెప్పండి, తప్పకుండా చూస్తాను.