రంగంలో చెట్టియార్లు, మన కళాసీలు

శ్రీకాకుళం జిల్లా తీరంలో, మా వైపు, పాత తరంలో ఒక్కరైనా రంగం వెళ్ళని ఇల్లు అరుదు. బర్మాలోని రంగూన్‌ను మా ఊళ్ళలో అందరూ రంగం అనే అంటారు. మా తాతయ్య అక్కడి రేవులో కళాసీగా, అంటే సరుకు మోసే కూలీగా, బియ్యం బస్తాలు మోశారు. ఆయన అన్నగారూ మోశారు. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

ఈమధ్య బంధువుల పెళ్ళిలో, ఇంజనీరింగ్ చదువుతున్న మనవడి వరస కుర్రవాడు ఒకడు నన్ను అడిగాడు. "అమ్మమ్మా, చెట్టియార్లు కూడా బర్మాకే కదా వెళ్ళారు? వాళ్ళు మేడలు కట్టుకున్నారు, మనవాళ్ళు ఉత్త చేతులతో వచ్చారు. ఎందుకని?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన తడుముకోకుండా చెప్పేశారు. "వాళ్ళకు కూడబెట్టడం తెలుసు నాయనా. మనవాళ్ళు పగలు సంపాదించింది సాయంత్రం కల్లుపాకలో పోశారు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ తలలూపడం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన దాన్ని. అప్పు ఎవరికి పుడుతుందో, ఎవరికి పుట్టదో, పుట్టిన అప్పు ఎవరిని గట్టెక్కిస్తుందో, ఎవరిని ముంచుతుందో చూడటమే నా ఉద్యోగం. పైగా కొన్నేళ్ళు, తరతరాలుగా వడ్డీ వ్యాపారం చేసిన ఆ చెట్టియార్ల సొంత పట్టణం, తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్నాను. ఆ పెద్దాయన మాట తప్పు. ఎందుకు తప్పో వివరంగా రాయాలి.

బర్మా 1937 ఏప్రిల్ 1 వరకూ బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఓడలో డెక్ టికెట్ కొనుక్కుంటే చాలు, మరో కాగితం అక్కర్లేదు. చెట్టియార్లూ మనవాళ్ళూ కూడా మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళే. దిగువ బర్మా 1852లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేయడం మొదలైంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆ బియ్యానికి ఐరోపా దగ్గరైంది. అడవి నరికే రైతుకు పెట్టుబడి కావాలి, పండిన ధాన్యాన్ని మరపట్టి ఓడకెక్కించడానికి మనుషులు కావాలి. పెట్టుబడి కారైక్కుడి, దేవకోట్టై వైపు నుంచి వెళ్ళింది. మనుషులు మన కోస్తా నుంచి వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో దాదాపు పది లక్షల మంది భారతీయులున్నారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశం వాళ్ళే.

చెట్టియార్ల పద్ధతి గురించి కారైక్కుడిలో నేను విన్నంత, చదివినంత మరెక్కడా చదవలేదు. బ్యాంకు మనిషిగా ఇప్పటికీ దానికి అబ్బురపడతాను. యజమాని ఊళ్ళోనే ఉంటాడు. బర్మాకు ఏజెంటు వెళతాడు, సాధారణంగా మూడేళ్ళకు. జీతంలో కొంత బయలుదేరే ముందే ఇంట్లో ఇచ్చి వెళతాడు. గడువు తీరి లెక్కలు అప్పజెప్పాక లాభంలో కొంత వాటా వస్తుంది. ఆ ఏజెంటు కింద ఒక పిల్లవాడు చేరతాడు. వాడు దుకాణం ఊడుస్తూ, చిట్టా రాయడం నేర్చుకుంటూ, పదేళ్ళకు తానే ఏజెంటు అవుతాడు. డబ్బు చాలకపోతే ఒక సంస్థ మరో చెట్టియార్ సంస్థ దగ్గర తెచ్చుకుంటుంది. రంగూన్‌లో మొగల్ వీధి గుడి దగ్గర అందరూ కూర్చుని తమలో తాము ఇచ్చిపుచ్చుకునే వడ్డీ ఎంతో తేల్చుకునేవారు. నమ్మకం తప్పినవాడికి కులంలో అప్పు పుట్టదు, పిల్లనూ ఇవ్వరు. మేము శిక్షణ తరగతుల్లో కూర్చుని నేర్చుకున్నవన్నీ, అంటే పరపతి అంచనా, బ్యాంకుల మధ్య సర్దుబాటు, ఉద్యోగుల తర్ఫీదు, వాళ్ళ దగ్గర ఒక కులకట్టుబాటులోనే ఉన్నాయి. 1930 ప్రాంతంలో బర్మాలో వాళ్ళ సంస్థలు దాదాపు 1,650. ఇంగ్లీషు బ్యాంకు గడప తొక్కని పల్లెల్లో కూడా చెట్టియార్ దుకాణం ఉండేది.

ఇక మనవాళ్ళ పద్ధతి మేస్త్రీ, అంటే కూలీలను పోగుచేసి తీసుకెళ్ళే దళారీ. పనుల్లేని నెలల్లో మేస్త్రీ ఊళ్ళోకి దిగేవాడు. చేతిలో కొంత అడ్వాన్సు పెట్టేవాడు, టికెట్టు తానే కొనేవాడు. అక్కడ దిగాక ఆ టికెట్టు, ఆ అడ్వాన్సు, బస, తిండి, తన కమీషను అన్నీ కూలిలోంచి పట్టుకునేవాడు. రేవులో కంపెనీ కూలి నేరుగా కూలీ చేతికి వచ్చేది కాదు. సరుకు దించే కాంట్రాక్టరు, అతని కింద పెద్ద మేస్త్రీ, అతని కింద ముఠా మేస్త్రీ, ఒక్కొక్కరూ కొంత తీసుకోగా మిగిలింది మోసినవాడికి. మా తాతయ్య వెళ్ళడానికి అరెకరం మెరక తాకట్టు పెట్టారు. మొదటి ఏడాది కూలి మేస్త్రీ బాకీకి సరిపోయింది. ఆ తరువాత మనియార్డర్లు రావడం మొదలైంది. నానమ్మ వాటిని అందుకుని ఊరి షావుకారుకు వడ్డీ కట్టేది. అసలు తీరే సరికి నాన్న పుట్టి నడుస్తున్నాడు.

ఇద్దరికీ కట్టుబాటు ఉంది. చెట్టియార్ల కట్టుబాటు వాన నీటిని వాళ్ళ చెరువులోకే తెచ్చే కాలువ, మనది మన చెరువుకే పెట్టిన తూము. ఆ మేస్త్రీ పరాయివాడు కూడా కాదు. మన భాషవాడు, చాలాసార్లు మన ఊరివాడు, కొన్నిసార్లు వేలువిడిచిన బంధువు. చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ ఇది దాచి చరిత్ర చెప్పలేము.

తెలుగువాళ్ళు అందరూ ఒక్కటే అనడం కూడా సరికాదు. రేవులోనూ మిల్లుల్లోనూ మూటలు మోసినవాళ్ళు కొందరు, రిక్షాలు లాగినవాళ్ళు కొందరు. రంగూన్ పాకీపని, వీధులు ఊడ్చే పని దాదాపుగా తెలుగు దళితుల నెత్తినే పడింది. ఊళ్ళో ఏ పని అంటగట్టారో సముద్రం దాటాక కూడా అదే పని అంటగట్టారు. బస అంటే ఒక గదిలో పట్టేదానికి మించి కుక్కిన మనుషులు. రాత్రి పనివాడు లేచిన చాపమీదే పగటి పనివాడు పడుకునేవాడు. ఆడవాళ్ళు చాలా తక్కువ. ఇల్లు అనేది లేని చోట అలసిన మనిషి కల్లు తాగాడంటే నాకు ఆశ్చర్యం లేదు. కానీ ఆ తాగుడే వాళ్ళను పేదలను చేసిందని చెప్పడం లెక్క తప్పు. పొదుపు లేనివాళ్ళయితే మా ఊరి పోస్టాఫీసుకు అన్ని మనియార్డర్లు ఎలా వచ్చాయి?

కారైక్కుడికి దగ్గర్లో కానాడుకాత్తాన్ అనే ఊరుంది. అక్కడ మా బ్రాంచి ఖాతాదారు ఒక పెద్దావిడ తన ఇల్లు చూపించింది. వీధి గుమ్మంలో నిలబడితే వరసగా వాకిళ్ళు దాటుకుని ఆ చివర వెనక వీధి కనిపిస్తుంది. మండువా చుట్టూ బర్మా టేకు స్తంభాలు. ఒక్కొక్కటీ ఒకే మాను, నా రెండు చేతులకూ అందలేదు. గోడలు సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి తీర్చినవి, అద్దంలా చల్లగా, నునుపుగా ఉన్నాయి. నేలకు ఆత్తంగుడి పలకలు. ఒక గదిలో ఎనామిల్ గిన్నెలు, పింగాణీ జాడీలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అన్నీ ఆ ఇంటి ఆడపిల్లలకు పెట్టినవట. ఆవిడ ఒక పెట్టె తెరిచి చిట్టాలు చూపించింది. డెల్టాలో తన మామగారి తండ్రికి ఉన్న పొలాల వివరాలు, కౌలుదార్ల పేర్లు తమిళంలో రాసి ఉన్నాయి. "మాదీ అంతా పోయిందమ్మా, ఒక్క గింజ రాలేదు" అంది. ఆ మాట నిజం. నేను కాదనలేదు. ఆ స్తంభాన్ని పట్టుకుని నిలబడి, ఇలాంటి దుంగల్లో ఎన్నింటిని మనవాళ్ళు ఓడకెక్కించి ఉంటారో అని మాత్రం అనుకున్నాను.

పోవడం ఇద్దరిదీ పోయింది. అయితే ఎలా పోయిందో చూడాలి. 1930ల మాంద్యంలో బియ్యం ధర సగానికి పైగా పడిపోయింది. బర్మా రైతు అప్పు తీర్చలేకపోయాడు. చెట్టియార్లకు పొలం మీద మోజు లేదు, వాళ్ళకు కావలసింది రొక్కం. కానీ రొక్కం లేనివాడి దగ్గర పొలమే మిగిలింది. దిగువ బర్మాలో వరి పండే ముఖ్యమైన 13 జిల్లాల్లో 1930లో సాగుభూమిలో చెట్టియార్లది ఆరు శాతం. 1937 నాటికి అది 25 శాతం. నాలుగో వంతు! అమ్ముదామంటే కొనేవాడు లేడు. తన పొలంలోనే కౌలుదారైన బర్మా రైతుకు ఎంత మండి ఉంటుందో మనం ఊహించగలం. మన పల్లెల్లోనూ షావుకారు చేతికి పొలం పోవడం తెలిసిన కథే కదా. బర్మా రైతు వైపు నుంచి చూడకుండా ఈ కథ చెప్పడం నాకు న్యాయం అనిపించదు.

ఆ కోపం తీరడానికి వీధిలో ముందు దొరికింది మాత్రం కూలీవాడు. దానికి తోడు రేవులో పనికోసం పోటీ ఒకటి. 1930 మే నెలలో తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను దింపాయి. సమ్మె తేలాక మనవాళ్ళను మళ్ళీ తీసుకుని, బర్మావాళ్ళను వెళ్ళిపొమ్మన్నారు. ఆ రోజు రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే.  1938లో మళ్ళీ అల్లర్లు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అప్పటికే ముందుచూపున్న పెద్ద చెట్టియార్ కుటుంబాలు సొమ్ము మళ్ళించేశాయి. మురుగప్ప కుటుంబం 1900లో బర్మాలోని మౌల్మేన్‌లో వడ్డీ వ్యాపారంతో మొదలై, యుద్ధానికి ముందే ఆస్తిని ఇండియాకు తెచ్చుకుంది. 1949లో మద్రాసులో సైకిళ్ళ కంపెనీ పెట్టింది. మా నాన్న తొక్కిన హెర్క్యులిస్ సైకిలు అక్కడిదే. రొక్కం తంతి మీద వచ్చేస్తుంది. మనిషి నడిచి రావాలి. కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగిపోతుందని మగవాళ్ళకు డెక్ టికెట్లు అమ్మకుండా కొంతకాలం కట్టడి చేశారు. నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు బర్మా విడిచారు, చాలామంది కాలినడకనే. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది పోయారు. తాతయ్య, ఆయన అన్న ప్రోమ్ నుంచి కొండలెక్కి తౌంగప్ దారి పట్టారు. కొండ దిగింది ఒక్కరే. ఆ సంగతి తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు, నానమ్మే మాకు చెప్పింది. చెట్టియార్ ఏజెంట్లలోనూ అలా నడిచినవాళ్ళున్నారు, పోయినవాళ్ళున్నారు. చిన్న చెట్టియార్ కుటుంబాలు కొన్ని మళ్ళీ కోలుకోలేదు. కానీ ఏజెంటు ఇంటికి చేరితే అక్కడ ఇల్లుంది, కులంలో పరపతి ఉంది, లెక్కలు వచ్చిన చెయ్యి ఉంది. తాతయ్య ఇంటికి చేరితే నడుము పనిచేయలేదు. ఆయనకున్న పెట్టుబడి ఆ నడుమే.

యుద్ధం తరువాత 1948 భూ జాతీయీకరణ చట్టంతో చెట్టియార్ల పొలాలు పోవడం మొదలైంది. 1964లో జనరల్ నె విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక లక్షల మంది ఓడల్లో వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అలా వచ్చిందే. ఒంటిమీద బంగారం కూడా అక్కడే తీసేసుకున్నారని ఆ క్యాంపు పెద్దవాళ్ళు చెబుతారు. అందరూ రాలేదు కూడా. మౌల్మేన్ పరిసరాల్లో ఈనాటికీ తెలుగు కుటుంబాలున్నాయి.

నేను చేరిన బ్యాంకు ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు. దాన్ని చిదంబరం చెట్టియార్ 1937లో ఒకేసారి మద్రాసు, కారైక్కుడి, రంగూన్‌లలో తెరిచారు. మా తాతయ్యకు ఆ రంగూన్ బ్రాంచిలో పని పడే అవకాశమే లేదు. 1969లో ఆ బ్యాంకును జాతీయం చేశారు. ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుకుని, పరీక్ష రాసి నేను అందులో గుమాస్తాగా చేరాను. మా కుటుంబాన్ని పైకి తెచ్చినవి ఆ హాస్టలు, ఆ పరీక్ష. పొదుపు నానమ్మ నాటి నుంచీ ఉన్నదే. అరెకరమైనా ఉన్న మాకు అది సాధ్యమైంది. తాతయ్యతో ఒకే ఓడలో వెళ్ళిన మా ఊరి దళితవాడ కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళ మూడో తరం ఇప్పటికీ మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద వీధులు ఊడుస్తోంది. చెట్టియార్లకూ మనకూ తేడా ఎందుకని అడిగేవాళ్ళు ఈ తేడా ఎందుకని కూడా అడగాలి.

పెళ్ళిలో అడిగిన ఆ కుర్రవాడికి ఇదంతా ఫోనులో చెప్పాను. వాడు వెంటనే తన స్నేహితుడి సంగతి ఎత్తాడు. సోంపేట దగ్గర కుర్రవాడు, వెల్డింగ్ పనికి కువైట్ వెళ్ళబోతున్నాడు, ఏజెంటు లక్షకు పైగా అడిగాడు, ఇంటి కాగితాలు పెట్టి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నారు. సంతకం పెట్టొద్దని, ముందు నన్ను కలవమని చెప్పాను. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో పేరు కొట్టి చూడవచ్చు. ఆ అబ్బాయి ఆదివారం కాగితాలు తీసుకుని వస్తానన్నాడు. మీ ఊళ్ళో ఎవరైనా అలా బయలుదేరుతుంటే ఆ రెండు సంగతులూ వాళ్ళకు చెప్పండి.