గుర్రానికి వచ్చిన తెలుగు

స్ట్రోక్ వచ్చిన మూడో నెలలో కప్పు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే నాకు నోరు పెగల్లేదు. అదే నోటితో ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేశాను, ‘శుక్లాంబరధరం’ కూడా. మెదడులో ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాటా పోయింది. బట్టీపట్టినవి మాత్రం మిగిలాయి. మొదట్లో మా ఆయన నేను అలిగి మాట్లాడట్లేదేమో అనుకున్నాడు, పాపం.

మేముండేది డాలస్ దగ్గర. ఒకరోజు ఫిజికల్ థెరపిస్టు ‘హిప్పోథెరపీ’ చేద్దామా అంది. మా అబ్బాయి కళ్లు పెద్దవి చేసి, “అమ్మని హిప్పో ఎక్కిస్తారా?” అన్నాడు. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం, పోటమోస్ అంటే నది. నీటిగుర్రంలో నీళ్లు తీసేస్తే మా థెరపీ. ఇన్సూరెన్స్ వాళ్లు రుజువు కాని చికిత్స అని తిప్పికొట్టారు. చేతి డబ్బే పెట్టుకున్నాం.

ఊరి బయట గుర్రాల శాల. ఎండుగడ్డి వాసనకి తెనాలిలో మా తాతయ్య గొడ్లచావిడి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అప్పట్లో ప్రతిదానికీ వచ్చేదిలెండి. తలకి హెల్మెట్ పెట్టి, ర్యాంపు మీద నుంచి మెల్లగా ఎక్కించారు. జీను లేదు, మందపాటి మెత్త, పట్టుకోవడానికి ఒక పిడి. ముందు కళ్లెం పట్టుకున్న వాలంటీరు, చెరో పక్కన ఒకరు, వాళ్లతో నడుస్తూ థెరపిస్టు. స్వారీ నేర్పడానికి కాదు, ఆ నడక కోసమే ఇదంతా.

గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కాస్త మెలితిరుగుతూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు నడుము కదిలేదీ దాదాపు అలాగే. నిమిషానికి సుమారు 100 అడుగులు. కుర్చీలో కుడివైపుకి ఒరిగిపోయే నేను, అడుగడుక్కీ పడిపోకుండా సర్దుకోవాల్సి వచ్చేది. “నిటారుగా కూర్చో” అని నాలుగు వారాలు చెప్పినా వినని నడుము గుర్రం మాట విన్నది. దిగాక కాసేపు నా కాళ్లు నావేననిపించేవి. సాయంత్రానికి మళ్లీ మామూలే.

కొన్నాళ్లు వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు, గుర్రం తోక చూస్తూ. ఆక్యుపేషనల్ థెరపిస్టు రింగులు ఇచ్చి కుడిచేత్తో కర్రకి తగిలించమనేది. ఆ రింగుల్ని తిట్టుకున్నంతగా స్ట్రోక్‌ని కూడా తిట్టుకోలేదు. డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అనే ఆవిడకి 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద చచ్చుబడినా, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీలో వెండి పతకం గెలిచిందని చెప్పింది థెరపిస్టు. నాకు రింగు తగిలితే చాలనుకున్నాను.

మాట సంగతికొస్తే, స్పీచ్ థెరపిస్టు కోరిక చిన్నదే: “వాక్ ఆన్” అంటే గుర్రం కదలాలి. నేను ‘వా’ దగ్గర ఇరుక్కుపోయేదాన్ని. వాళ్లు ఓపిగ్గా ఆగేవాళ్లు, గుర్రమూ ఆగేది. ఆరో వారమనుకుంటా, విసుగొచ్చి “పద!” అనేశాను. అనుకుని అన్నది కాదు, చిన్నప్పుడు తాతయ్య ఎడ్లని అదిలించిన మాట. ఎవరికీ అర్థం కాలేదు. “పద, పద” అని మళ్లీ అన్నాను. వాలంటీరు నా మొహం చూసి అడుగేసింది, గుర్రం కదిలింది. దానికి తెలుగు వచ్చని కాదు, కళ్లెం పట్టుకున్నామె నడిస్తే అదీ నడుస్తుంది. అయినా నేనన్నాకే కదిలిందిగా!

నిటారుగా కూర్చోవడం వచ్చాక ఊపిరి కుదురుగా అందింది. ఒక్క ఊపిరికి ఒక్క మాట నుంచి మూడు మాటల దాకా వచ్చాను. గుర్రం ఒక్కటే చేసిందని చెప్పను, వారానికి నాలుగు రోజులు మామూలు థెరపీ కూడా నడిచింది. ఇంగ్లిష్ అన్నిటికన్నా చివర వచ్చింది. కుడిచేతి వేళ్లు ఇప్పటికీ బొత్తాం పెట్టలేవు.

అమ్మకి వీడియో కాల్‌లో గుర్రమెక్కిన ఫొటో చూపిస్తే, “ఝాన్సీ లక్ష్మీబాయివా ఏంటే!” అంది. “కా... దు... మ్మా, పడి... పోతా... ననీ” అన్నాను. అమ్మ నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మొన్న ఊరికే చూసి వద్దామని వెళ్లాం. ఎవరో చిన్న పిల్లాడు కూర్చుని ఉన్నాడు. కళ్లెం పట్టుకున్న ఆ వాలంటీరే, గుర్రం మెడ తట్టి, “పాడా, పాడా” అంటోంది.