మంగమారిపేట దగ్గర పంక్చరు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద సైకిలు తొక్కడమంటే నాకు ప్రాణం. ఆర్కే బీచ్ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. దారంతా కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు. తెన్నేటి పార్కు దగ్గర ఒక ఎక్కుడు, ఋషికొండ దగ్గర ఇంకో ఎక్కుడు తప్పితే పెద్ద కష్టమేమీ ఉండదు. ఎండాకాలంలో నైరుతి గాలి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. అందుకే మా గుంపు చీకటుండగానే బయలుదేరి, భీమిలిలో టిఫిన్ కానిచ్చి, ఎండ ముదరకముందే వెనక్కి తిరుగుతుంది.

మొన్న ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరుగురం బయలుదేరాం. మాలో పెద్దాయన మాస్టారు. ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సాగర్‌నగర్ దాటేదాకా టైర్లలో గాలి గురించి మాకు క్లాసు తీసుకున్నారు. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుందట, ఎవడూ చదవడట. గాలి తక్కువైతే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు కన్నాలు పడతాయట. ఆయన చెప్పిందంతా నిజమే. ఆయన అంత శ్రద్ధగా చూసుకుంటారు కాబట్టే ఆ తర్వాత జరిగింది అందరికీ అంత నవ్వు తెప్పించింది.

తొట్లకొండ మలుపు దాటాం. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇంకా ఆ కొండ మీద ఉన్నాయి. ఎప్పుడైనా తీరిగ్గా ఎక్కి చూడాల్సిన చోటు. మంగమారిపేట ఇళ్లు కనిపిస్తుండగా మాస్టారి వెనక చక్రం అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది.

"మాస్టారూ, థియరీలో ఫస్ట్ క్లాస్. ప్రాక్టికల్స్‌లో పోయింది!" అని వెనక నుంచి మా చిన్నోడు అరిచాడు. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంపులో అందరికంటే చిన్నవాడు, అందరికంటే నోరెక్కువ.

"నోర్ముయ్యరా. ఒక్క కన్నమే అయ్యుంటుంది, రెండు కాదు. అంటే గాలి సరిగ్గానే ఉన్నట్టు" అన్నారాయన దిగుతూనే.

రోడ్డు పక్కన చేపలు ఎండబెట్టి ఉన్నాయి. "వంజరం ముల్లు గుచ్చుకుందేమో" అని ఒకరు, "వంజరమైతే మాస్టారు తిని ఉండేవారు, తొక్కేవారు కాదు" అని ఇంకొకరు. ఇంతలో మాస్టారు సంచిలోంచి స్పేర్ ట్యూబు తీశారు. ఎన్నాళ్లు మడతపెట్టి ఉంచారో, వాల్వు మొదట్లో చీలిపోయి ఉంది. "ఇదీ మీతోపాటే రిటైరైంది మాస్టారూ" అన్నాడు చిన్నోడు. ఆయనే ముందు నవ్వారు.

ఇక మా అక్కే దిక్కు. అక్క నర్సు. "పేషెంటు తాలూకు వాళ్లు పక్కకి తప్పుకోండి" అని చక్రం విప్పి, టైరు ఊడదీసి, ట్యూబు లాగింది. నీళ్లకి చూస్తే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు చేపల టబ్బులో నీళ్లు పోసి ఇచ్చారు. ట్యూబుకి కాస్త గాలి కొట్టి నీళ్లలో ముంచి తిప్పుతుంటే ఒకచోట సన్నటి బుడగలు వరసగా లేచాయి. ఒక్క కన్నమే! మాస్టారి ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత అక్క చేసిన పని చూసి తీరాలి. కన్నం పడితే ట్యూబుకి అతుకేసినంత మాత్రాన సరిపోదు. గుచ్చుకున్నది టైరులోనే ఉంటే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. వేళ్లతో తడిమితే వేళ్లు తెగొచ్చు. అక్క తన కిట్టులోంచి దూది తీసి టైరు లోపల మెల్లగా తిప్పింది. ఒకచోట దూది పోగు చిక్కుకుంది. పట్టకారుతో లాగితే వెంట్రుకంత ఇనప తీగ బయటికొచ్చింది. లారీ టైర్లు అరిగి పగిలినప్పుడు రోడ్డు మీద రాలే తీగ అది.

గరుకు కాగితంతో గీకి సొల్యూషన్ రాశాక అది ఆరాలి. తడి మీదే అతుకేస్తే ఊడిపోతుంది. ఆ కాసేపట్లో మాస్టారు మళ్లీ క్లాసు మొదలెట్టారు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు తొక్కే మూడు చక్రాల బండికి గాలి టైరు తయారుచేసిన కథ.

"పశువుల డాక్టరా? మరి మీ బండికి నర్సు చాలా?" అన్నాడు చిన్నోడు.

వల పెద్దాయన ఇదంతా వింటూనే ఉన్నారు. నైలాను దారం తెంపి, తలెత్తి, "మా వలకి అన్నీ కన్నాలే. అయినా పనైపోతాది. మీ చక్రానికి ఒక్క కన్నం పడితే ఇంతమంది కూకున్నారేటి బాబూ?" అన్నారు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. అంతసేపూ మాటకి మాట అందించిన చిన్నోడికి దానికి మాత్రం జవాబు దొరకలేదు.

పంపు దగ్గర ఇంకో తగువు. మాస్టారిది సన్న వాల్వు, మిగతా పంపులన్నీ లావు వాల్వువి. అక్క దగ్గర ఇత్తడి అడాప్టర్ ఉండబట్టి బతికాం. ఈలోగా ఇద్దరం ఒడ్డుకెళ్లి సముద్రం కోసిన రాతి తోరణం చూసొచ్చాం. ఆగకపోతే ఆ రోజు దాన్ని చూసేవాళ్లమే కాదు.

ఎర్రమట్టి దిబ్బల్ని రోడ్డు మీంచే చూసుకుంటూ భీమిలి చేరాం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్న ఊరు. కానీ ఆకలి మమ్మల్ని నేరుగా టిఫిన్ హోటల్లోకి లాక్కుపోయింది.

మా గుంపులో ఎవరి బండి పంక్చరైతే టిఫిన్ బిల్లు వాళ్లదే. మాస్టారు ఒప్పుకోలేదు. "తీగ లారీది. బిల్లు లారీవాడు కట్టాలి" అని వాదించారు. "లారీ నంబరు చెప్పండి మరి" అంది అక్క. ఆయన పర్సు తీశారు. అక్క ఆపరేషన్ ఫీజు కింద ఇంకో పెసరట్టు చెప్పింది, చిన్నోడు నర్సుకి అసిస్టెంటునని తనకీ ఒకటి చెప్పుకున్నాడు. మాస్టారు ఇద్దరికీ ఉప్మా కూడా వేయించమన్నారు.