కొండ కిందకు పోయిన నది

స్లొవేనియా అనగానే అందరూ బ్లెడ్ సరస్సు ఫొటోలే చూపిస్తారు. బాగుంటుంది, కాదనను. కానీ నన్ను అడిగితే ఆ దేశం అసలు తమాషా అంతా నైరుతి మూలనున్న కార్స్ట్ పీఠభూమిలోనే ఉంది.

దేశం చిన్నది, 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పడమర ఇటలీ, ఉత్తరాన ఆస్ట్రియా, ఈశాన్యాన హంగరీ, మిగతా అంతా క్రొయేషియా. సముద్రతీరం 47 కిలోమీటర్లే. జెండా మీదున్న త్రిగ్లావ్ శిఖరం ఎత్తు 2,864 మీటర్లు.

కార్స్ట్ అంతా సున్నపురాయి. వాన నీళ్ళు ఆ రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ లోపలికి దిగిపోతాయి. అందుకే పైన వాగూ వంకా కనిపించదు. నీరు ఇంకని నేల మీద మామూలుగా పారుతూ వచ్చిన రేకా నది ష్కొత్సియాన్ దగ్గర గుహలోకి దూరి మాయమవుతుంది. లోపల నడిచే దారి గోడ వెంబడి సన్నగా సాగుతుంది. వంతెన మీద నిలబడితే నది దాదాపు 45 మీటర్ల కింద. చీకట్లో హోరు ముందు వినిపిస్తుంది, నీళ్ళు తర్వాత కనిపిస్తాయి. 1965 వరదల్లో ఇక్కడ నీటిమట్టం వంద మీటర్లకు పైగా లేచిందట! ఆ వంతెన మీద నుంచే ఆ లెక్క వేసుకున్నాను. వేసుకోకుండా ఉండాల్సింది.

ఆ నీరు మళ్ళీ వెలుగు చూసేది ఇటలీలో, దుయినో దగ్గర. అక్కడ దాని పేరు తిమావో. బయటపడ్డాక కాస్త దూరం పారి ఏడ్రియాటిక్‌లో కలిసిపోతుంది. రెండూ ఒకే నీళ్ళని తేల్చడానికి లిథియం ఉప్పు కలిపి చూశారు, గుర్తు వేసిన ఈల్ చేపల్ని కూడా వదిలారు. అంటే ఈ నది సరిహద్దు దాటేది భూగర్భంలోనే. ఏ పోలీసు ఆపుతాడు?

నేల మీద సంగతి వేరు. 1947లో గీసిన గీతతో గొరీజియా పట్నం ఇటలీకి, 1906 నాటి రైల్వే స్టేషన్ యుగోస్లావియాకు (స్లొవేనియా అప్పట్లో అందులో భాగం) పోయాయి. పట్నం చేజారిందని ఇవతల నోవా గొరీత్సా అని కొత్త ఊరే కట్టుకున్నారు. స్టేషన్ ముందున్న చౌక్‌లో కంచె 2004లో తీసేశారు. 2020లో కోవిడ్ రాగానే అదే చోట మళ్ళీ కంచె లేచింది, కొన్నాళ్ళే అనుకోండి. ఇప్పుడు చౌక్ మధ్య ఓ గుండ్రటి పలక ఉంది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి ఫొటో దిగనివాళ్ళు అరుదు. నేనూ దిగాను.

వెళ్ళాలనుకుంటే దివాచా స్టేషన్‌లో దిగండి, గుహల దాకా నడకదారి ఉంది. ఎండాకాలమైనా స్వెటర్ తప్పదు. లోపల ఎప్పుడూ 12 డిగ్రీలే.