ప్రింటరుకు ఒక మనిషి ఉండాలి

మా బడిలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగంలో నేను చేరినప్పుడు ప్రింటర్ల సంగతి నాకు అప్పగించలేదు. నిజానికి ఎవరికీ అప్పగించలేదు. ఆఫీసు గదిలో ఒకటి, స్టాఫ్ రూములో ఒకటి, ల్యాబ్‌లో ఒకటి, మొత్తం మూడు ఉండేవి. కాగితం పెట్టేవారు ఒకరు, టోనర్ పొడి అయిపోతే రీఫిల్ చేసే కుర్రాడికి ఫోను చేసేవారు ఇంకొకరు. ఇరుక్కున్న కాగితాన్ని బలంగా లాగి, చింపి, మూత మూసేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవారు మాత్రం అందరూ. పదిమంది చేరితే పాము చావదన్న మాట ఆ మూడు యంత్రాలకూ చక్కగా సరిపోయేది.

మూడేళ్ళ కిందట పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల ముందు ఒక సాయంత్రం, స్టాఫ్ రూములో హాజరు పట్టీ పెట్టడానికి వెళ్ళిన తొమ్మిదో తరగతి పిల్లవాడు చేతిలో రెండు కాగితాలతో నా దగ్గరికి వచ్చి, "సార్, ఇది అన్నయ్యవాళ్ళ పేపరులా ఉంది, మిషను మీద పడి ఉంది" అన్నాడు. అది ఇంకా జరగని గణితం పరీక్ష ప్రశ్నపత్రం. హెడ్‌మాస్టరు గారి గదిలోని కంప్యూటర్ నుంచి ఇచ్చిన ప్రింటు పక్కనున్న ఆఫీసు గది యంత్రానికి వెళ్ళకుండా స్టాఫ్ రూముకు వెళ్ళింది. ఆఫీసులో ప్రింటు రాలేదనుకుని ఆయన కేబుల్ సరిచేసుకుని, సరైన యంత్రాన్ని ఎంచుకుని మళ్ళీ ఇచ్చుకున్నారు. కారణం వెతికితే చాలా చిన్నదే దొరికింది. విండోస్ 10లో, మనం ఆపమని చెప్పకపోతే, చివరిసారి ఏ ప్రింటరు వాడామో దాన్నే డిఫాల్టుగా మార్చేసే ఏర్పాటు ఉంది. ఆ మధ్యాహ్నం ఎవరో ఆ కంప్యూటర్ నుంచి స్టాఫ్ రూముకు ఏదో సర్క్యులర్ పంపారు, అంతే. ఆ కాగితాలు ట్రేలో ఎంతసేపు ఉన్నాయో, ఎందరు చూశారో చెప్పగలిగేవారు లేరు కాబట్టి, లెక్కల మాస్టారు రాత్రంతా కూర్చుని మరో పేపరు తయారు చేశారు. మర్నాడు హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఇకనుంచి ఈ మిషన్లన్నీ మీవే" అన్నారు. జీతం మాత్రం పెరగలేదు.

మొదట చేసిన పని ప్రతి కంప్యూటర్లోనూ ఆ సెట్టింగు తీసేయడం. రెండోది, ప్రతి యంత్రం పక్కనా ఒక నోటు పుస్తకం కట్టి, నెల మొదట్లో యంత్రం తన వివరాలు తానే అచ్చు వేసి ఇచ్చే కాన్ఫిగరేషన్ పేజీ తీసి అందులోని పేజీల లెక్క రాసుకోవడం. ఆ లెక్కతోనే పెద్ద ఖర్చు ఎక్కడ పోతోందో తెలిసింది. ఎచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి చిన్న యంత్రాల్లో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ సుమారు 2,000 పేజీలు ఇస్తుందని కంపెనీ లెక్క. అది పేజీలో దాదాపు 5 శాతం మేరకే నలుపు ఉంటుందన్న అంచనా మీద వేసింది. నాలుగు వాక్యాల ఉత్తరానికి అది సరిపోతుంది గానీ, వత్తులూ గుణింతాలతో అంచు నుంచి అంచుకు నిండిన తెలుగు ప్రశ్నపత్రానికి సరిపోదు. ఇక పరీక్షల లెక్క చూడండి: 600 మంది పిల్లలు, ఆరు సబ్జెక్టులు, ఒక్కో పేపరుకు రెండు కాగితాలు అంటే 7,200 కాగితాలు, 500 చొప్పున కట్టితే దాదాపు పధ్నాలుగున్నర రిమ్ములు. రెండు వైపులా అచ్చు వేస్తే 14,400 పేజీలు. కంపెనీ చెప్పిన లెక్కనే నమ్మినా ఒక్క పరీక్షకు ఏడు కార్ట్రిడ్జ్‌లకు పైగా మింగుతుంది. బల్ల మీద పెట్టుకునే చిన్న లేజరు ప్రింటరు ఆ పనికి పుట్టలేదు.

ఆ పనికి పుట్టిన యంత్రం వేరే ఉంది. సైక్లోస్టైల్ కాలం చూసినవారికి స్టెన్సిల్ కాగితం, చేతులకు అంటుకునే సిరా, చేత్తో తిప్పే పిడి గుర్తుండే ఉంటాయి. రైసో యంత్రం దాని మనవడే: మూలప్రతిని చూసి మాస్టర్ అనే సన్నని స్టెన్సిల్ మీద తానే రంధ్రాలు చేసుకుని, దాన్ని సిరా డ్రమ్ముకు చుట్టుకుని, వేడి అవసరం లేకుండా గబగబా ప్రతులు తీస్తుంది. మాస్టర్‌కు అయ్యే ఖర్చు ఒకసారే కాబట్టి పది ప్రతులకు అది దండగ, వందలకు లాభం. పట్టణంలో ఆ యంత్రమున్న దుకాణానికి ప్రశ్నపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టాం; అచ్చు అయినంతసేపూ మా మనిషి పక్కనే నిలబడి, చెడిపోయిన ప్రతులతో సహా మాస్టర్‌ను కూడా తెచ్చుకోవాలన్నది షరతు.

ఇక వానాకాలం. మాది కోస్తా, ఆగస్టులో విప్పిన రిమ్ము బల్ల మీద రెండు రోజులుంటే అప్పడం మెత్తబడ్డట్టు మెత్తబడుతుంది. ఆ చెమ్మ కాగితం టోనర్‌ను కరిగించి అతికించే వేడి రోలర్ల మధ్యకు వెళ్ళగానే వంకర తిరిగి ఇరుక్కుంటుంది. అందుకే విప్పిన కట్టను దాని కవరులోనే మళ్ళీ చుట్టి బీరువాలో పెట్టిస్తున్నాను, ట్రేలో ఆ రోజుకు సరిపడా మాత్రమే. ఇరుక్కున్నప్పుడు స్విచ్ ఆపి, కార్ట్రిడ్జ్ బయటకు తీసి, కాగితాన్ని రెండు చేతులతో, అది సాగే దిక్కుకే, నిదానంగా లాగాలి. చిరిగితే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి పూర్తి కాగితం అయిందో లేదో చూసుకోవాలి. గోరంత ముక్క లోపల మిగిలినా మర్నాడు మళ్ళీ అదే గొడవ.

యంత్రం తన జబ్బు తానే చెప్పుకునే సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి స్టడీ సర్టిఫికెట్ల మీద నల్ల చుక్క ఒకటి వరసగా పడుతుంటే, అటెండరు ప్రింటరు పాడైపోయిందని తేల్చేశాడు. స్కేలు పెట్టి కొలిస్తే చుక్కకూ చుక్కకూ మధ్య ఏడున్నర సెంటీమీటర్లు. 12ఏ కార్ట్రిడ్జ్‌లో టోనర్‌ను కాగితం మీదకు చేర్చే డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే వచ్చే దూరం దాదాపు అంతే. డ్రమ్ము మీద గీత పడింది, అంతకుమించి ఏమీ కాలేదు. డ్రమ్ము మార్పిస్తే సరిపోయింది. డ్రమ్ము చూడకుండా పొడి మాత్రమే నింపించుకుంటూ పోయేవారు ఈ చుక్కను చూసే కొత్త ప్రింటరు కొంటారు.

లేజర్‌జెట్ 1020కి ఇంకో అలవాటు ఉంది. కరెంటు పోయి వస్తే తాను పని చేయడానికి కావలసిన ప్రోగ్రామును ప్రతిసారీ కంప్యూటర్ నుంచే అందుకోవాలి, నెట్‌వర్క్ పోర్టు కూడా లేదు. కాబట్టి ఏ కంప్యూటర్‌కు తగిలించామో అది నిద్రపోతే మిగతా గదులకు ప్రింటరు లేనట్టే. మా ఆఫీసులో చాలాకాలం "ప్రింటరు చెడింది" అన్న ఫిర్యాదులకు మూలం గుమాస్తా గారు భోజనానికి వెళ్తూ సిస్టం ఆపడమే. లేజరు ప్రింటరును చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. రోలరు వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు యూపీఎస్ కీచుమని అరిచి, కంప్యూటర్లను కూడా తనతో ఆర్పేస్తుంది.

తెలుగు అక్షరాల కష్టం వేరు. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించిన పేపరును పెన్ డ్రైవులో తెచ్చి మా కంప్యూటర్లో తెరిస్తే, ఆ ఫాంటు లేనందున అక్షరాలూ వత్తులూ అన్నీ పిచ్చి గుర్తులుగా కనిపించేవి. చూడకుండా నలభై ప్రతులు తీసినవారు ఉన్నారు. ఫాంటును తనలోనే ఇముడ్చుకునే పీడీఎఫ్ తప్ప ఇంకేదీ ప్రింటుకు తీసుకోనని నియమం పెట్టాక ఆ దండగ ఆగింది.

పోయిన నెల ఆఫీసులోని పెద్ద అద్దె యంత్రాన్ని మార్చడానికి వచ్చారు. పేజీకి ఇంత అని కట్టే యంత్రం అది. పిన్ నెంబరు కొడితేనే కాగితం బయటికి ఇచ్చే సౌకర్యం ఉందని ప్రశ్నపత్రాల కోసమే తీసుకున్నాం. మీటరు రీడింగు రాసుకుని ఆటోలోకి ఎక్కించబోతుంటే, అందులో హార్డ్ డిస్క్ ఉంటుంది కదా, చెరిపేశారా అని అడిగాను. అవసరం లేదన్నాడు టెక్నీషియన్. ఒకసారి తెరిచి చూపించమన్నాను. దాచిన ఫైళ్ళ వరుసలో బోనఫైడ్ల కింద, ఈ ఏడాది టెన్త్ మ్యాథ్స్ ప్రీఫైనల్ పేపరు పేరుతో సహా ఉంది. అతను ఏమీ అనకుండా చెరిపే మెనూ తెరిచాడు. కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను. బయట ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు.