అలిపిరి మెట్లు, అత్తమ్మ పసుపు సంచి

పోయినసారి తిరుమల కొండకు అలిపిరి నుంచి నడిచినప్పుడు బ్యాగులన్నీ కింద లగేజీ కౌంటర్లో ఇచ్చేశాం. ఉచితమే, పైకి చేరుస్తారు కూడా. కానీ అత్తమ్మ బీపీ మాత్రలు కూడా వాటితోపాటే పైకి వెళ్లిపోయాయని దారి మధ్యలో గాలిగోపురం దగ్గర గుర్తొచ్చింది. మిగతా దారంతా ఆమె ముఖం చూసుకుంటూనే నడిచాను. అందుకే ఈ జనవరిలో నలుగురం బయల్దేరే ముందు గట్టిగా అనుకున్నాం, ఏం తీసుకెళ్లినా మన వీపు మీదే, అదీ ఆయాసం రానంత బరువే.

ఇంట్లో మనిషి బరువు చూసే మెషిన్ ఉంది కదా, సంచి తగిలించుకుని ఒకసారి, తీసేసి ఒకసారి ఎక్కి తేడా చూశాం. మా ఆయన సంచి ఏడు కిలోలు! ఒక్క రాత్రికి! రెండు దుప్పట్లు, టర్కీ తువ్వాళ్లు, పెద్ద షాంపూ సీసా, పులిహోర డబ్బా, అన్నీ బయటికి తీసేశాను. దుప్పట్ల బదులు మా అమ్మ కట్టి వదిలేసిన నేత చీరలు రెండు, పరుచుకోవడానికి ఒకటి, కప్పుకోవడానికి ఒకటి. పలచటి నూలు తువ్వాలు తడిసినా తొందరగా ఆరుతుంది. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉంటుంది కాబట్టి దారికి బొరుగులు, చెనక్కాయల ఉండలు చాలు. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం, స్టీలుది బరువే అయినా ఇద్దరికి ఒకటి పెట్టుకుని దారిలో కుళాయిల దగ్గర నింపుకున్నాం. చివరికి ఆయనది మూడు కిలోలు, నాది రెండున్నర, బాబుది వాడి బట్టలే.

అత్తమ్మకు మెట్ల పూజ మొక్కు. 3550 మెట్లకు కిలో పసుపు, అరకిలో కుంకుమ. అది తగ్గించమని ఎవరం అడగలేదు, మాత్రలు కూడా ఆ సంచిలోనే పెట్టి నేను మోశాను.

2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకుంది, ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లలను నడక దారిలోకి పంపకూడదని నిబంధన పెట్టారు. మా బాబుకు తొమ్మిదేళ్లు. పైగా మెట్ల పూజ అంటే నడక నిదానం, అందుకని పొద్దున్నే ఐదుకు మొదలుపెట్టాం. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడితే ఆమె వంగి మూడు వేళ్లతో పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, గోవిందా అని లేచేది. మళ్లీ వంగేది. గోళ్ల సందుల్లోకి పసుపు దిగి గట్టిపడిపోయింది. నిటారుగా ఉండే మోకాళ్ల మెట్ల దగ్గర మాత్రం బాబు గిన్నె తీసుకుని, నానమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు, వాడి సంచి వాడి వీపు మీదే ఉంది.

యాత్రికుల వసతి సముదాయంలో ఉచితంగా లాకర్ తీసుకుని హాల్లో పడుకున్నాం. అక్కడ తెలిసింది నా తప్పు. బరువని బాబు స్వెట్టర్ కూడా తీసేశాను, అర్ధరాత్రి వాడు ముడుచుకుపోయి వణుకుతుంటే నా చీర కూడా వాడికే కప్పి, మర్నాటి చొక్కా పైన తొడిగాను. పావుకిలో కూడా ఉండదు ఆ స్వెట్టర్. మీరు చలికాలంలో పిల్లలతో వెళ్తే అది మాత్రం తీయకండి, ఇంకేదైనా తీయండి.

పొద్దున 300 రూపాయల టికెట్ దర్శనం బాగా అయింది. బస్సులో కిందికి దిగేటప్పుడు, పసుపు మొత్తం అయిపోయిన అత్తమ్మ సంచిని దులిపి, అందులోనే లడ్డూలు పెట్టాం.